శేషం ఒకటి

లెక్కలు చెప్పుకుని బతికినదాన్ని నేను. భాగహారం చెప్పేటప్పుడు నాకొక చెడ్డ అలవాటు ఉండేది. లెక్క చివరికొచ్చి, గీత గీసి, మిగిలిన అంకె వేసి, దాని పక్కన శేషం అని రాయాల్సిన చోట సుద్దముక్క ఆగిపోయేది. పిల్లలు దాన్ని కనిపెట్టేశారు. పిల్లలకేం తెలుసు అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మన చెయ్యి ఎక్కడ ఆగిందో కూడా వాళ్ళకు తెలుస్తుంది. "టీచరమ్మకు భాగహారం రాదురోయ్" అని వెనక నుంచి ఎవడో అంటే తక్కినవాళ్ళు పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. భాగహారం నాకు బాగానే వచ్చు. ఆ ఒక్క మాట దగ్గరే నాకు ఇబ్బంది.

శేషమంటే ఏమిటో లెక్కల పుస్తకం ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. సమంగా పంచగా మిగిలినది. నేను టీచరు ట్రైనింగుకు పోయినప్పుడు అక్కడ తెలుగు చెప్పే పండితుడికి మాటల పుట్టుక చెప్పడమంటే మహా సరదా. భిన్నమంటే పగిలినదనీ, గుణమంటే దారపు పోగు అనీ, ఒక పోగును రెండు పోగులు, మూడు పోగులు చేయడమే గుణకారమనీ ఆయన దగ్గరే విన్నాను. శేషం గురించి కూడా గుక్క తిప్పుకోకుండా చెప్పాడు. "సంస్కృతంలో శిష్ అనే ధాతువు నుంచి పుట్టింది. ప్రళయంలో సమస్తం పోయాక మిగిలేవాడు గనక ఆయన ఆదిశేషుడు. మనిషి పోయాక మిగిలేవి అవశేషాలు. పంపకం అయ్యాక మిగిలింది శేషం."

నేను లేచి నిలబడ్డాను. "అది దానంతటదే మిగులుతుందా అయ్యగారూ, ఎవరైనా మిగులుస్తారా?"

ఆయన కళ్ళజోడు తీసి నా వంక చూశాడు. "మిగలడమనీ చెప్పవచ్చు, మిగల్చడమనీ చెప్పవచ్చు. ధాతువుకు రెండూ సరిపోతాయి. లెక్క చెయ్యడానికి అదంతా ఎందుకమ్మా?"

లెక్కకు అక్కర్లేదు. నాకు కావాలి. ఎందుకో ఆయనకు చెప్పలేదు. ఇప్పుడు చెబుతాను.

మాది మార్కాపురం దగ్గర పల్లె. అప్పట్లో మేము కర్నూలు జిల్లా కింద ఉండేవాళ్ళం, పైన మద్రాసు సర్కారు. మాకు కొంచెం మెట్ట చేను ఉండేది. వాన పడితే జొన్న, కొర్ర. పడకపోతే మా నాయన పలకల గనికి పోయేవాడు. వాన పడని ఏళ్ళే ఎక్కువ గనక, ఆయన్ని రైతు అనడం కన్నా గని మనిషి అనడమే న్యాయం. ఆ మాట ఆయన ముందు అంటే మాత్రం ఊరుకునేవాడు కాదు.

ఆ నేలలో రాయి పొరలు పొరలుగా ఉంటుంది. గడ్డపారతో పెద్ద బండను పెకలించి, పైకి చేర్చి, అంచు చూసి ఉలితో తడితే ఉల్లిపొరల్లా విడిపోతుంది. దాన్ని కోసి, నున్నగా రుద్ది, కొయ్య చట్రం బిగిస్తే పిల్లలు రాసుకునే పలక. మా గని రాయి రైలెక్కి ఎక్కడెక్కడికో పోయేది. ఎక్కడో ఏ పిల్లకాయో అక్షరాలు దిద్దుకునే రాయి మా నాయన తీసిందే అయి ఉంటుందని నాకు గర్వంగా ఉండేది. నా పలక కూడా ఆయన తెచ్చిందే.

ఆ గనిలో ఒక పద్ధతి ఉండేది. దిగే ప్రతి మనిషీ పొద్దున్నే అరచేతిలో పట్టేంత పలక బిళ్ళ ఒకటి తీసుకుని, దాని మీద మేకుతో తన గుర్తు గీసి, గని నోటి దగ్గరున్న రాతి గట్టు మీద పెట్టి దిగాలి. సాయంత్రం పైకి రాగానే ఎవరి బిళ్ళ వాళ్ళు తీసుకోవాలి. చదువు రాని వాళ్ళ హాజరు పట్టీ అది. ఊరి పక్క పాలెంలోని కిరస్తానీ వాళ్ళు సిలువ గీసేవాళ్ళు. ఒకాయన చేప బొమ్మ వేసేవాడు. మా నాయనది నాగలి. రెండు గీతలు కలిపి, కింద ఒక కొక్కెం.

పెట్టిన చెయ్యే తియ్యాలి. అది గట్టి నియమం. ఇంకొకరి బిళ్ళను ముట్టుకుంటే ఆ మనిషిని బతికుండగానే లెక్కలోంచి కొట్టేసినట్టని అందరికీ భయం. కులమూ మతమూ ఏదైనా ఈ ఒక్క విషయంలో అందరిదీ ఒకటే మాట. అందరూ తీసుకున్నాక మేస్త్రి గట్టు దగ్గర నిలబడి, "మిగిల్నాయా?" అని అరిచేవాడు. "లేవు!" అని అందరూ అరిచేవాళ్ళు. ఆ తర్వాతే ఇళ్ళకు కదిలేవాళ్ళు.

ఒక ఏడు వానలు వెనకబడి, మళ్ళీ ఒక్కసారిగా కుమ్మరించాయి. వాన వెలిసి ఎండ కాసిన రోజు మళ్ళీ పని మొదలుపెట్టారు. మధ్యాహ్నం సద్ది తినడానికి అందరూ పైకి వస్తుంటే, ఊడి రావడానికి సిద్ధంగా ఉన్న బండ ఒకటి ఉందనీ, దాన్ని పెకలించి వస్తాననీ నాయన లోపలే ఉండిపోయాడు. వీళ్ళు ఇంకా మూటలు విప్పకముందే పడమటి గోడ జారింది. పెద్ద చప్పుడు కూడా కాలేదట. బండెడు జొన్నలు గుమ్మరించినట్టు వినపడిందట, అంతే.

తవ్వారు. ఊట నీళ్ళు తోడారు. తవ్వేకొద్దీ పైనుంచి మళ్ళీ జారింది. ఇంకో మనిషి పోతాడని చివరికి మేస్త్రి అందరినీ వెనక్కి పిలిచాడు. కొన్నాళ్ళకు అదే గనిలో తూర్పు వైపున పని మొదలైంది. నేనెవరినీ తప్పు పట్టను. అందరికీ ఇళ్ళల్లో పొయ్యి వెలగాలి. మా ఇంట్లోనూ వెలగాలి గనక మా అమ్మ కూడా అక్కడికే రాతి పెళ్ళలు మోసే పనికి పోయింది. ఆమె తన బిళ్ళ మీద ఒక చుక్క పెట్టేది.

నాయన బిళ్ళ గట్టు మీదే ఉండిపోయింది. తీయాల్సిన చెయ్యి లోపల ఉంది. ఇంకెవరు తీస్తారు?

బడి వదలగానే నేను పోయి గని నోటి దగ్గర అమ్మ కోసం కాచుకుని కూర్చునేదాన్ని. సాయంత్రం అందరూ పైకి వచ్చేవాళ్ళు. ఎవరి బిళ్ళలు వాళ్ళు తీసుకునేవాళ్ళు. మేస్త్రి పద్ధతి తప్పకుండా అడిగేవాడు.

"మిగిల్నాయా?"

"ఒకటి" అనేవాళ్ళు. ఇదివరకటిలా అరిచేవాళ్ళు కాదు. పక్కవాడితో చెబుతున్నట్టు అనేవాళ్ళు.

ఇంకా లోపల ఒకరున్నారని అంతమంది రోజూ ఒప్పుకుని, తువ్వాళ్ళు దులుపుకుని, ఇళ్ళకు నడిచిపోయేవాళ్ళు. నాకు ఒళ్ళు జలదరించేది. వెనక్కి తిరిగి చూస్తే వెలుతురు పైనే ఆగిపోయి, పడమటి మూల అప్పటికే చీకటి పట్టి ఉండేది. భయపడుతూనే చూసేదాన్ని. ఎందుకంటే నాకు ఆశగా కూడా ఉండేది. ఒకరున్నారని పెద్దవాళ్ళే అంటున్నారు కదా.

యర్రగొండపాలెం వైపు నుంచి కొత్తగా ఒక పడుచువాడు పనిలో చేరాడు. అతనికి సంగతి ఎవరూ చెప్పలేదు. మొదటి సాయంత్రం "ఒకటి" అనే మాట విని ఉలిక్కిపడ్డాడు.

"ఒకరు లోపలుంటే అట్ల పోతాండారేంది? పిలవండి!" అని, మోకు ఒకటి భుజానేసుకుని గబగబా దిగాడు. అతన్ని ఎవరూ ఆపలేదు. కింద అతను "ఓయన్నా! ఓయన్నా!" అని కేకలు పెడుతుంటే పైన అందరూ తలలు వంచుకుని నిలబడ్డారు. కాసేపటికి కేకలు ఆగిపోయాయి. అతను మెల్లగా పైకొచ్చాడు. మోకు కింద పెట్టాడు. తన బిళ్ళ తీసుకున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా వెళ్ళిపోయి మళ్ళీ పనికి రాలేదు. కింద అతనికేమన్నా వినపడిందా అని ఎవరూ అడగలేదు. నేను ఈనాటికీ అడుగుదామనుకుంటాను.

మా పెద్దనాయన, అంటే నాయనకు అన్న, ఇంటికొచ్చి కూర్చున్నాడు. దర్భలతో బొమ్మ చేసి కర్మ జరిపించాలన్నాడు. కర్మ అంటే అమ్మ గాజులు తీసెయ్యడం, బొట్టు చెరుపుకోవడం.

"ఎన్నాళ్ళమ్మా ఇట్ల? ఊరు నవ్వతాండాది."

అమ్మ తలుపు చాటునే నిలబడి జవాబు చెప్పింది. "ఊరుదేముంది బావా. పొద్దుగూకుతానే మేస్త్రన్న అడగతాడు. ఒకరుండారనే చెప్తాండారు అందరూ. లెక్కలో ఉండే మనిషికి కర్మ ఎట్ల చేస్తారు?"

పెద్దనాయన విసుక్కుంటూ లేచిపోయాడు. నాకు మా అమ్మ మీద ఎంత ప్రేమ పుట్టిందో చెప్పలేను. కానీ ఆమె రోజురోజుకూ చిక్కిపోతోంది. అన్నం ముందు కూర్చుంటే ముద్ద చేతిలోనే ఉండేది. రాత్రి పడుకున్నా కళ్ళు తెరిచే ఉండేవి. ఇంట్లో నాయన చావూ జరగలేదు, నాయన బతికీ లేడు. ఇట్లాగే ఇంకో ఏడాది గడిస్తే ఆమె కూడా మిగలదని నాకు భయం పట్టుకుంది.

ఆ రోజుల్లోనే బడిలో భాగహారం వచ్చింది. మిషను బడిలో మాకు లెక్కలు చెప్పే టీచరమ్మ మంచిది, కానీ ఓపిక తక్కువ. పదమూడు బెల్లం ముక్కలు నలుగురికి పంచమంది. తలా మూడు అన్నాను. శేషమెంత అంది. నేను బలపం చేతిలో తిప్పుతూ కూర్చున్నాను.

"ఒకటి మిగల్లా? ఏందమ్మీ, మూగనోము పట్టినావా?"

నేను ఏడుపు ఆపుకుని పలక మీద సున్న చుట్టాను. తప్పని చెప్పి ఆమె చెరిపించింది. నేను మళ్ళీ సున్నే చుట్టాను. నా పలక కూడా ఆ గనిలోని రాయే, నా ముందున్న అంకె కూడా ఆ సాయంత్రపు అంకే. ఆ మాట ఆమెకు చెప్పడానికి అప్పుడు నాకు తెలివి చాలలేదు. చెవి మెలిపెట్టించుకుని ఊరుకున్నాను.

తర్వాత ఒక ఎండాకాలం మొదట్లో జరిగిన సంగతి చెబుతాను. పలక రాయి గురించి మా ఊరి పిల్లలకు కూడా ఒకటి తెలుసు. అప్పుడే చీల్చిన రాయి నీలం కలిసిన నలుపుగా నిగనిగలాడుతుంది. ఎండకూ వానకూ పడి ఉంటే బూడిద రంగుకు తిరిగి, అంచుల్లో పొట్టు లేస్తుంది. ఒక సాయంత్రం గట్టు మీది నాయన బిళ్ళను మొదటిసారి దగ్గర నుంచి చూశాను. అదే నాగలి, అదే కొక్కెం. కానీ రాయి నిగనిగా నల్లగా ఉంది. గీతల్లో తెల్లటి పొడి ఇంకా రాలిపోలేదు.

పెట్టిన చెయ్యే తియ్యాలి. కొత్తది పెట్టాలంటే కూడా ఆ చెయ్యే పెట్టాలి కదా. నాయన పైకి వస్తున్నాడు. ఎవరూ లేని వేళ చూసి వచ్చి, బిళ్ళ మార్చి, మళ్ళీ దిగిపోతున్నాడు. నాకు ఇంకో ఆలోచనే రాలేదు.

మరునాడు ఎండ నడినెత్తి మీదికి వచ్చే వేళకు బడి ఎగ్గొట్టి పోయాను. అందరూ అవతల కానుగ చెట్టు నీడన సద్ది తింటున్నారు. గాలి లేదు. ఆకు కదలడం లేదు. మనుషులు అంత దగ్గరలో ఉన్నా వాళ్ళ మాటలు వినపడటం లేదు. నేను గట్టు పక్కన వంగి పడమటి మూలకు చూశాను. జారిపడిన రాతి గుట్ట ఎండకు తెల్లగా మెరుస్తోంది. దాని లోపలి నుంచి చప్పుడు వినపడింది. టక్. కొంచెం ఆగి, మళ్ళీ టక్. ఉలి మీద సుత్తి పడితే వచ్చే చప్పుడు.

"నాయనా" అన్నాను.

చప్పుడు ఆగింది.

నేను ఇంకోసారి పిలవలేకపోయాను. పిలిస్తే పలుకుతాడేమోనని భయం. అన్నాళ్ళూ ఏ పలుకు కోసం కాచుకున్నానో ఆ పలుకుకే భయపడ్డాను. మేస్త్రి వెనక నుంచి వచ్చి నా రెక్క పట్టుకుని ఇవతలికి లాగాడు.

"ఏం జేస్తాండావు ఈడ?"

"మామా, లోపల నాయన రాయి కొడతాండాడు."

ఆయన కూడా చెవి పెట్టి విన్నాడు. ఆ ముఖం రంగు మారడం నేను చూశాను. "ఎండకు రాయి పిట్లుతాది పాపా. అంతే. పో, మీ అమ్మ దగ్గరికి పో" అన్నాడు. ఎండకు పలక రాయి పొర విడిచి చప్పుడు చేస్తుందన్నది నిజమే. తర్వాత ఎన్నోసార్లు ఎన్నో చోట్ల విన్నాను. పిలిస్తే ఆగిన చప్పుడు మాత్రం అదొక్కటే.

ఆ సాయంత్రం అమ్మ రొట్టె తడుతుంటే పక్కన కూర్చుని చెప్పాను. "నాయన కొత్త బిళ్ళ పెట్టినాడమ్మా. నేను చూసినా."

ఆమె చెయ్యి పిండి మీదే ఆగిపోయింది. "ఊ" అంది. మళ్ళీ తట్టడం మొదలుపెట్టింది. రొట్టె ఒక పక్క మాడిపోయింది.

తూర్పు వైపు కూడా మంచి రాయి అయిపోయింది. గని యజమాని షావుకారు పక్కనే కొత్త గొయ్యి తీయించాలనుకున్నాడు. అందులోంచి వచ్చే మట్టీ పెళ్ళలూ పాత గనిలో పోసి పూడ్చాలన్నాడు. ఆ రోజు పొద్దున అందరూ తట్టలు నింపుకుని పాత గని నోటి దగ్గర వరుసగా నిలబడ్డారు. ఒక్కరూ పోయలేదు. గట్టు మీద బిళ్ళ ఉంది. బిళ్ళ ఉండగా గని పూడ్చడం ఎవరి వల్లా కాదు.

షావుకారు గుర్రబ్బండి దిగి వచ్చాడు. సంగతి విని మండిపడ్డాడు. "రాతి ముక్కకు భయపడి పనాపుతారా? తీసి పారేయండి!" అన్నాడు. ఎవరూ కదల్లేదు. "మీరు గాకపోతే నేను తీస్తా" అని గట్టు దగ్గరికి పోయి చెయ్యి చాపాడు. చాపిన చెయ్యి గాల్లో ఆగింది. ఎందుకో దాన్ని వెనక్కి తీసుకుని పంచెకు తుడుచుకున్నాడు. నవ్వాల్సిన సంగతే. ఎవరూ నవ్వలేదు.

అప్పుడు అమ్మ నెత్తి మీది తట్ట దించింది. నేను ఆమె పక్కనే ఉన్నాను. కొంగు సర్దుకుని తిన్నగా గట్టు దగ్గరికి నడిచింది. వెనక నుంచి ఒకామె "వద్దు వదినా!" అని కేక పెట్టింది. అమ్మ వినిపించుకోలేదు. వంగి, నాగలి గుర్తున్న ఆ నల్లటి బిళ్ళను తీసుకుంది.

పెట్టిన చెయ్యే తియ్యాలి. తీసింది గనక పెట్టింది ఆమే. అంతమందికీ ఒక్కసారే అర్థమైంది. నాకూ అర్థమైంది. నాయన ఎప్పుడూ పైకి రాలేదు. అమ్మ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపం ఒక్క క్షణమే ఉంది. ఎందుకంటే అమ్మ తీసిన చోట గట్టు ఖాళీగా లేదు.

కింద ఇంకో బిళ్ళ ఉంది. బూడిద రంగుకు తిరిగి, అంచుల్లో పొట్టు లేచి, నాగలి గీతలు సగం చెరిగిపోయి ఉంది. నాయన పెట్టి పోయినది. కానుగ చెట్టు కింద కట్టేసిన షావుకారు గుర్రం కాళ్ళతో నేల దువ్వింది.

"ఎండకు పెచ్చులు లేస్తా ఉంటే చూడలేక పైన ఒకటి కప్పినా" అంది అమ్మ. ఎవరికో సంజాయిషీ చెబుతున్నట్టు కాదు, మామూలుగా అంది. "అది మాసినప్పుడంతా కొత్తది మార్చినా. నాది నేను తీసుకున్నా మేస్త్రన్నా. ఆయనది నేను ముట్టలా."

మేస్త్రి తలపాగా తీసి చేత్తో పట్టుకున్నాడు. ఏం చేయాలో ఆయనకూ తెలియలేదు. తెలియనప్పుడు మనిషి అలవాటైన పనే చేస్తాడు. గట్టు వైపు తిరిగి అడిగాడు.

"మిగిల్నాయా?"

ఎప్పుడూ జవాబు చెప్పేవాళ్ళందరూ నేల చూపులు చూశారు. అన్నాళ్ళలో అమ్మ ఆ ప్రశ్నకు ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. ఆ రోజు ఆమే చెప్పింది.

"ఒకటి మిగిలింది. ఉండనీలే అన్నా."

వెనక్కి వచ్చి, తట్టను మళ్ళీ నెత్తికెత్తుకుంది. గని అంచున నిలబడి పడమటి మూలకు గుమ్మరించింది. ఆమె గాజుల చప్పుడు కూడా రాళ్ళతో పాటే లోపలికి పోయినట్టు వినపడింది. ఆ వెనక ఒక్కొక్కరే వచ్చి పోశారు. ఆ బిళ్ళను ఎవరూ కదిలించలేదు, గట్టుతో పాటే పూడ్చారు.

ఇంటికి పోయే దారిలో అమ్మ నా చెయ్యి వదలలేదు. గుమ్మం దగ్గరికి వచ్చాక, "పోయి మీ పెద్దనాయనను పిలుచుకురా. దర్భలు తెమ్మను" అంది.